చూసి రమ్మన్నారు

ఉపాధ్యాయ శిక్షణలో చేరినవారిని మొట్టమొదటిసారి బడికి పంపేటప్పుడు చెప్పే మాట చాలా చిన్నది. ఇవాళ మీరు పాఠం చెప్పనక్కర్లేదు, తరగతిలో కూర్చుని చూసి రండి అంటారు. ఆ మాట వినగానే చాలామందికి ప్రాణం లేచివస్తుంది. పాఠం తయారుచేసుకోవాలన్న బెంగ లేదు. చార్టులు గీయనక్కర్లేదు. ముప్ఫై మంది పిల్లల ఎదుట నిలబడి నోరు తడారిపోయే అవస్థ అంతకన్నా లేదు. గది వెనక ఒక కుర్చీ వేస్తారు, నోటుపుస్తకం తెరుచుకుని కూర్చుంటే సాయంత్రమవుతుంది. ఏం చేశావని తోటి విద్యార్థిని అడిగితే, ఏముంది, ఊరికే చూశాను అని జవాబు.

ఆ "ఊరికే" అన్న మాట గురించి ఈ వారం కాస్త ఆలోచిద్దాం. బడిపంతులు ఉద్యోగం మన విచారణల్లో ఎన్నో ఇళ్లకు అన్నం పెట్టింది, ఊళ్లో గౌరవం తెచ్చింది. ఇవాళ కూడా మన పిల్లలు ఆ చదువుకు వెళ్తూనే ఉన్నారు. కాబట్టి ఇది మనకు దూరపు ప్రశ్న కాదు. ఒక మనిషి కూర్చుని తోటి మనుషులను చూడటం మంచిచెడ్డలకు సంబంధించిన పనేనా? చూసినందుకు చూసినవారి మీద ఏమైనా భారం పడుతుందా? పడితే, ఏ అధికారమూ లేని విద్యార్థి మీద, మొదటిరోజే, ఎంత పడుతుంది?

ఈ ప్రశ్నను గాలిలో ఉంచకుండా ఒక ఊళ్లో పెట్టి చూద్దాం. ఊరు కారంచేడు. శిక్షణలో ఉన్న ఒక అమ్మాయిని అక్కడి ప్రాథమిక పాఠశాలకు చూసి రమ్మని పంపారనుకుందాం. అమ్మాయి మన ఊహలోనిది. ఆ ఊరి ఏ బడిలోనూ జరిగిన సంగతిని నేనిక్కడ రాయడం లేదు. ఇలాంటి గదులు కోస్తాలో ఏ పల్లెకు వెళ్లినా కనబడతాయి. ఊరు మాత్రం నిజం, దాని చరిత్ర నిజం.

చీరాల నుంచి పర్చూరు వెళ్లే దారిలో ఉందా ఊరు. 2022 ఏప్రిల్‌లో జిల్లాలు విడదీసినప్పుడు ప్రకాశం నుంచి బాపట్ల జిల్లాలోకి వచ్చింది. సినిమాల వాళ్లను అడిగితే నిర్మాత రామానాయుడుగారు పుట్టిన ఊరంటారు. కానీ తెలుగునాట ఎక్కువమందికి కారంచేడు అంటే ఊరు గుర్తుకు రాదు, ఒక సంవత్సరం గుర్తుకొస్తుంది. 1985.

ఆ ఏడు జూలై 16న, మాదిగపల్లెవారు మంచినీళ్లు తెచ్చుకునే చెరువు దగ్గర, గేదెలను తోలుకొచ్చిన ఆసామి ఇంటి కుర్రవాడు నీళ్లు మురికి చేస్తుంటే పల్లె కుర్రవాడొకడు వద్దన్నాడు. వద్దన్నందుకు దెబ్బలు పడ్డాయి. నీళ్లకొచ్చిన ఒక మహిళ బిందె ఎత్తి అడ్డుకుంది. మరునాడు, జూలై 17న, పల్లె మీద దాడి జరిగింది. మనుషులను పొలాల్లోకి తరిమి కొట్టారు. ఆరుగురు చనిపోయారు. ఆడవాళ్ల మీద అఘాయిత్యాలు జరిగాయి. చనిపోయినవారిలో కొందరివి మన బైబిలు పేర్లే. మిగిలినవాళ్లు చీరాల చేరి చర్చి ఆవరణలో తలదాచుకున్నారు, తర్వాత అక్కడి విజయనగర్ కాలనీలో స్థిరపడ్డారు. దళిత మహాసభ పుట్టింది ఆ సంఘటన తర్వాతే. 1989లో పార్లమెంటు చేసిన ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం ప్రస్తావన వచ్చినప్పుడల్లా ఈ ఊరి పేరు కూడా వస్తుంది.

అమ్మాయి ఇదంతా విని ఉంటుంది. ఇంట్లో చెప్పకపోయినా కాలేజీలో విని ఉంటుంది. కారంచేడు పడిందా నీకు అని ఎవరో ఒకరు అనే ఉంటారు. మరి ఆమె ఆ గదిలో కూర్చున్నప్పుడు ఈ సంగతి మనసులో పెట్టుకుని చూడాలా, పక్కన పెట్టి చూడాలా? ఆమె ఎదుట కూర్చున్న రెండో తరగతి పిల్లలు నిన్నగాక మొన్న పుట్టినవాళ్లు. వాళ్లకు కారంచేడంటే తమ ఇల్లు, తమ వీధి, తమ గేదె దూడ. 1985 వాళ్లకు తాతల కాలం. ముందు బెంచీలో కూర్చున్న పిల్లవాడి ముఖంలో ఆమె ఆనాటి దోషిని వెతికితే అది అన్యాయం. వెనక కూర్చున్న పిల్లను చూసి అయ్యో పాపం అనుకున్నా అన్యాయమే, ఎందుకంటే ఆ పిల్లకు కావలసింది లెక్కలు రావడం. అలాగని అసలేమీ తెలియనట్టు కూర్చుంటే కళ్ల ముందు జరిగేది కూడా కనబడకపోవచ్చు. తెలిసి ఉండటం మంచిది. తెలిసినదాన్ని ఏ ఒక్క బిడ్డ నెత్తినా రుద్దకూడదు. ఇది చెప్పినంత తేలిక కాదు సుమా. పెద్దవాళ్లం మనమే ఊరి పేరు విని మనిషిని కొలిచేస్తుంటాం.

అమ్మాయి బడిలోకి అడుగుపెట్టగానే ఆమె చూడటం కన్నా ముందు ఆమెను చూడటం మొదలవుతుంది. పిల్లలు కిటికీలోంచి చూస్తారు. వంటామె పొయ్యి దగ్గర నుంచి లేచి వచ్చి మీదే ఊరమ్మా అని అడుగుతుంది. ఊరు చెప్పగానే రెండో ప్రశ్న సిద్ధం: మీ ఇంటిపేరేంటి? ఇంటిపేరుతో తేలకపోతే ఇంకొంచెం సూటిగా, మీరేమిట్లు అంటారు. మనవాళ్లకు ఈ ప్రశ్నల అర్థం విడమరిచి చెప్పనక్కర్లేదు. అడిగేవారికి చాలాసార్లు చెడ్డ ఉద్దేశం కూడా ఉండదు, అలవాటుగా అడుగుతారు. అయినా ఆ జవాబుతో ఆమెకు ఏ గ్లాసులో టీ వస్తుందో తేలిపోయే ఊళ్లు మనకింకా ఉన్నాయి. చూడటానికి వచ్చినవారు ఎక్కడో పైన ఆకాశంలో కూర్చుని చూడరు, వాళ్లూ ఆ ఊరి తూకంలో తూగుతూనే చూస్తారు. ఈ సంగతి శిక్షణ పుస్తకాల్లో ఉండదు.

ఇక గది. చాలా ప్రాథమిక పాఠశాలల్లో ఒక్కో తరగతికి ఒక్కో టీచరు ఉండరు. ఒకే గదిలో రెండు తరగతులు, ఒకే బోర్డుకు మధ్యలో సుద్దముక్కతో గీత. ఇటువైపు రెండో తరగతికి కూడికలు, అటువైపు మూడో తరగతికి తెలుగు. టీచరుగారికి పాఠమొక్కటే పని కాదు. పిల్లల హాజరు, భోజనాల లెక్క, గుడ్ల లెక్క, ఫోనులో ఎక్కించాల్సిన ఫొటోలు. 2022 నుంచి మన రాష్ట్రంలో టీచర్లు తమ హాజరు కూడా ఫోనుకు ముఖం చూపించి వేయాల్సి వచ్చింది. ఇవన్నీ చేస్తూ పాఠం చెప్పే మనిషిని, ఏ బరువూ లేకుండా కుర్చీలో కూర్చున్న పంతొమ్మిదేళ్ల పిల్ల తప్పులు పట్టడం చాలా సులువు. పుస్తకంలో చదివిన ప్రేరణ, పునశ్చరణ, బోధన సామగ్రి ఏవీ కనబడలేదని గబగబా రాసేయవచ్చు.

అలా రాసే ముందు గిజూభాయి సంగతి తెలుసుకోవడం మంచిది. గుజరాతులో వకీలు పని వదిలి పిల్లల చదువులో పడిన గిజూభాయి బధేకా 1930లలో "దివాస్వప్న" అనే చిన్న పుస్తకం రాశారు. అందులో ఒక ఆదర్శాల మాష్టారు గొప్ప ప్రణాళికతో నాలుగో తరగతికి వెళ్తాడు. మౌనంతో మొదలుపెడదామని తలుపులు, కిటికీలు మూయిస్తే ఆ చీకట్లో పిల్లలు గోలగోల చేసి పెడతారు. ఏమీ చేయలేక ఇళ్లకు పంపేస్తాడు, హెడ్మాష్టరు చేత చివాట్లు తింటాడు. మరునాడు కథ చెప్పడంతో పని మొదలవుతుంది. చదివి తీరాల్సిన పుస్తకం. మొదటిరోజు అంత అనుభవం ఉన్న మనిషి కథానాయకుడికే అలా అయినప్పుడు, ముప్ఫై ఏళ్లుగా ఆ గోలను మోస్తున్న టీచరమ్మను వెనక నుంచి చూసేవారికి కాస్త వినయం ఉండాలి.

కానీ వినయం పేరు చెప్పి కళ్లు మూసుకోకూడదు కదా. శిక్షణలో ఒక పద్ధతి చెబుతారు, చాలా చిన్న పద్ధతి. గది బొమ్మ గీసుకుని, ఏ పిల్ల ఎక్కడ కూర్చుందో గుర్తు పెట్టి, టీచరుగారు ఎవరిని పేరు పెట్టి పిలిచినా అక్కడొక గీత గీయమంటారు. అలా ఒక పూట గీసి చూడండి. కొన్ని చోట్ల గీతలు గుబురుగా చేరతాయి. కొన్ని చోట్ల ఒక్క గీత కూడా పడదు. చురుకైనవాడికి ప్రశ్నలు, అల్లరివాడికి తిట్లు. ఏదో ఒకటి దక్కుతుంది. తిట్టు కూడా ఒక పలకరింపే మరి. తలుపు పక్కన నోరెత్తకుండా కూర్చున్న బిడ్డకు ఆ రెండూ దక్కవు. ఉదయం హాజరులో పేరు పిలిచారు, అంతే, సాయంత్రం దాకా ఆ పేరు ఎవరి నోటా రాలేదు. దీనికి ప్రతిసారీ కులమే కారణం కాదు. చెవుడు కావచ్చు, ఇంట్లో వేరే భాష కావచ్చు, అమ్మానాన్నలు వలస వెళ్తే అమ్మమ్మ దగ్గర ఉంటున్న బెంగ కావచ్చు. కారణం తర్వాత తేలుతుంది. ముందు ఆ ఖాళీ కనబడాలి. టీచరుగారికి అది కనబడదు, ఎందుకంటే ఆమె తన గొంతు తాను వింటూ నడవలేదు. వెనక కుర్చీలో పని లేకుండా కూర్చున్న మనిషికే కనబడుతుంది. ఆ కుర్చీ వేసింది అందుకే అని నా అభిప్రాయం.

దేవాలయంలో కానుకల పెట్టెకు ఎదురుగా కూర్చుని ప్రభువు జనాన్ని చూస్తున్న సంగతి మనమంతా సువార్తలో విన్నదే. ఆ రోజు అక్కడ ఎంతమంది ఉన్నా పేద విధవరాలు వేసిన రెండు కాసులు చూసింది ఆయన ఒక్కడే. అక్కడా ఆయన పని చూడటమే.

చూడటాన్నే విద్యగా మార్చిన మనిషి మరియా మాంటిస్సోరి. ఆమె వైద్యురాలు. 1907 జనవరి 6న రోము నగరంలో సాన్ లొరెంజో అనే పేదల పేటలో, కూలిపనికి వెళ్లే తల్లిదండ్రుల పిల్లల కోసం బడి తెరిచారు. ఒకసారి మూడేళ్ల పాప చెక్క దిమ్మెలను వాటి గుంటల్లో అమర్చుతూ, తీస్తూ, మళ్లీ అమర్చుతూ ఉంటే ఆమె పక్కన నిలబడి లెక్కపెట్టారు. చుట్టూ పిల్లల చేత పాటలు పాడించారు. పాపను కుర్చీతో సహా ఎత్తి బల్లమీద పెట్టించారు. పాప తల తిప్పలేదు, నలభై సార్లకు పైగా అదే పని చేసింది. పిల్లలకు మనసు నిలవదని చెప్పే పండితులు ఎంతోమంది ఉన్న రోజుల్లో, ఆమె ఏమీ చెప్పకుండా నిలబడి లెక్కపెట్టింది. 1939లో ఆమె మన పక్కనే మద్రాసు అడయారుకు వచ్చి టీచర్లకు శిక్షణ ఇచ్చారు. యుద్ధం వల్ల ఇటలీవారంతా శత్రుదేశీయుల కింద లెక్క కాబట్టి ఏళ్ల తరబడి ఈ దేశంలోనే ఉండిపోయారు, కొడైకెనాల్‌లోనూ పిల్లలను చూస్తూనే గడిపారు. ఫీజు కట్టి చేర్చుకునే బడుల బోర్డుల మీద ఇప్పుడామె పేరు మెరుస్తుంటుంది. ఆమె మొదలుపెట్టింది మాత్రం పేదపిల్లలను చూడటంతో.

పదిన్నర గంటలకు నీళ్ల గంట కొడతారు. అమ్మాయి ఇక్కడ నోటుపుస్తకం మూసి పిల్లల వెంట వెళ్లాలి. రికార్డులో దీనికి గడి ఉండదు, కానీ పాఠం కన్నా ఇక్కడే ఎక్కువ కనబడుతుంది. కుండలో లేదా క్యానులో గ్లాసు ఎవరు ముంచుతారు, ఎవరు దోసిలి పడతారు, తాగేటప్పుడు పెదవికి తగలకుండా ఎత్తి పోసుకోమని ఎవరికి చెబుతారు, గది ఊడ్చే పని, నీళ్లు మోసే పని రోజూ ఎవరి వంతుకు వస్తుంది?

అంబేడ్కరుగారి చిన్నతనం గురించి ఆయనే రాసుకున్న సంగతి అందరికీ తెలియాలి. సతారాలో బడికి వెళ్లేటప్పుడు ఆయన ఇంటినుంచి గోనెపట్టా తీసుకెళ్లి గదిలో ఒక మూల వేసుకుని కూర్చునేవారు. దాహం వేస్తే కుళాయి ముట్టుకోకూడదు. బంట్రోతు వచ్చి తిప్పితేనే నీళ్లు. బంట్రోతు రాని రోజు నీళ్లు లేవు. ఆ బడికి కూడా తనిఖీకి వచ్చినవారు ఉండే ఉంటారు. వారి నివేదికల్లో హాజరు, పద్యాలు, లెక్కలు ఉండి ఉంటాయి, గోనెపట్టా గురించి ఏమైనా రాశారా అన్నదే నాకు తోచే ప్రశ్న. కారంచేడులో చిచ్చు రగిలింది తాగే నీళ్ల దగ్గరేనని గుర్తుంచుకున్న అమ్మాయి ఈ పది నిమిషాలను తేలిగ్గా తీసుకోదు.

అయితే ఆమె మంచిని కూడా అంతే జాగ్రత్తగా చూడాలి. మధ్యాహ్న భోజనం తీసుకోండి. 2001 నవంబరు 28న సుప్రీంకోర్టు, బడిలో వండిన అన్నమే పెట్టాలని రాష్ట్రాలను ఆదేశించింది. 2003 జనవరి నుంచి మన రాష్ట్రంలో అమలైంది. వంటకు దళిత మహిళలకు ప్రాధాన్యం ఇవ్వాలని 2004లో కోర్టు మళ్లీ చెప్పింది. పేర్లు ప్రభుత్వాలను బట్టి మారాయి, ఇప్పుడు డొక్కా సీతమ్మగారి పేరు పెట్టారు, అన్నం అన్నమే. తాతలు ఒకే వరండాలో కూర్చుని ఎరగని అన్నం మనవలు వరసగా కూర్చుని తింటున్నారు. గుడ్డు తినని పిల్ల తన గుడ్డు పక్క పిల్ల కంచంలో వేస్తుంది, అదేమంత గొప్ప సంగతని పిల్లలు అనుకోరు. అది గొప్ప సంగతే. అలాగే, వరండా చివర ఇద్దరు విడిగా కూర్చుంటే ఎందుకు కూర్చున్నారో కూడా చూడాలి. అలక కావచ్చు, అలవాటు కావచ్చు. ఒక్క రోజులో తేల్చేయకూడదు. రెండో రోజు కూడా వాళ్లే, అక్కడే కూర్చుంటే అది అలక కాదు.

ఇక అసలు చిక్కు. అమ్మాయి ఏదో తప్పు చూసిందనుకోండి. నోరు విప్పాలా, ఊరుకోవాలా?

ఊరుకోమనేవారి వాదంలో బలం లేకపోలేదు. ఆమె అతిథి. రికార్డు మీద సంతకం పెట్టాల్సింది ఆ హెడ్మాష్టరుగారే. మొదటిరోజే పెద్దవాళ్లకు నీతులు చెబితే ఆమెకేకాదు, ఆమె తర్వాత వచ్చేవారికి కూడా ఆ బడి తలుపు మూసుకుంటుంది. పైగా ఆమె ఫలానా పల్లె పిల్ల అయితే ఆ మాటకు ఇంకో అర్థం అంటగడతారు. ఇవన్నీ నిజాలే. కానీ బిడ్డ ఒంటిమీద దెబ్బ పడుతున్నప్పుడు, లేదా పుట్టుకను ఎత్తిచూపి బిడ్డను పదిమందిలో తలదించుకునేలా చేస్తున్నప్పుడు ఈ లెక్కలన్నీ పక్కకు పోవాలి. 2010 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉన్న విద్యాహక్కు చట్టం 17వ సెక్షను పిల్లలను కొట్టడాన్ని, మానసికంగా వేధించడాన్ని నిషేధించింది. ఇది టీచరుగారి ఇష్టాయిష్టాల సంగతి కాదు. అలాంటప్పుడు లేచి నిలబడి, మేడమ్, ఈ పాపను నేను కాసేపు నా దగ్గర కూర్చోబెట్టుకుంటాను అన్నా చాలు. ఎదిరించినట్టూ ఉండదు, దెబ్బా ఆగుతుంది. ఇంటికొచ్చాక తన లెక్చరరుగారికి చెప్పాలి. దానికి ధైర్యం కావాలి, దాని వల్ల మార్కులు పోవచ్చు. పోవని నేను మాట ఇవ్వలేను.

దెబ్బ కానివి, అంటే పిలవని పేరు, ఎప్పుడూ ఒకరికే వచ్చే చీపురు, వీటికి కేకలు పనికిరావు. సాయంత్రం టీచరుగారు ఒక్కరే ఉన్నప్పుడు, తలుపు దగ్గరి బాబు ఇవాళ ఏమీ మాట్లాడలేదండీ, ఎప్పుడూ అంతేనా అని అడగవచ్చు. నిందలేని ప్రశ్న అది. చాలామంది టీచర్లు దానికి కోపం తెచ్చుకోరు. కొందరు ఆగిపోయి, అవునా, నేను గమనించలేదమ్మా అంటారు. మనిషి మారడానికి ఆ మాత్రం సందు చాలు.

ఇప్పుడు రికార్డు దగ్గరకు వద్దాం. మన ఇళ్లలో ఎవరూ పెద్దగా పట్టించుకోని సంగతి ఇది. పరిశీలన రికార్డు పోయిన ఏడాది అక్క దగ్గర తీసుకుని ఎత్తి రాయడం అలవాటైపోయింది. ఊరి పేరు, తేదీ మారతాయి. పిల్లలు ఉత్సాహంగా పాల్గొన్నారు, ఉపాధ్యాయిని బోధన సామగ్రి చక్కగా వినియోగించారు, తరగతి క్రమశిక్షణతో ఉన్నది. రాసినవారికీ తెలుసు, దిద్దినవారికీ తెలుసు. అందరూ చేసేదేగా అంటారు. పెద్ద అబద్ధం కాదు కూడా, ఎవరి సొమ్మూ పోలేదు.

పోయింది, ఆ తలుపు దగ్గర కూర్చున్న బిడ్డది. ఆ పిల్లవాడి ఒక రోజును చూడటానికి సమాజం ఒక మనిషిని పంపింది. ఆ మనిషి వచ్చి, కూర్చుని, చూసి, ఇంకెక్కడో ఇంకెవరో రాసుకున్న రోజును అతని రోజుగా నమోదు చేసి వెళ్లింది. అబద్ధ సాక్ష్యం గురించి ఎనిమిదవ ఆజ్ఞ మనకు చిన్నప్పుడే జ్ఞానోపదేశంలో నేర్పారు. కోర్టు బోనులో చెప్పేదే సాక్ష్యమని మనమనుకుంటాం. కాగితం మీద చూశానని సంతకం పెట్టిన ప్రతి మాటా సాక్ష్యమే.

సాక్ష్యమంటే ఏమిటో కారంచేడు వారికి తెలిసినంతగా మనకెవరికీ తెలియదు. 1985 జూలైలో తమ కళ్లతో చూసినవాళ్లు ఆ చూసిందే చెబుతూ కోర్టుల చుట్టూ తిరిగారు. కింది కోర్టు శిక్షలు వేసింది, హైకోర్టు వాటిని కొట్టివేసింది, చివరకు 2008లో సుప్రీంకోర్టు ప్రధాన ముద్దాయికి యావజ్జీవం, మరికొందరికి తక్కువ శిక్షలు ఖాయం చేసింది. ఇరవై మూడేళ్లు. ఆ మధ్యలో చూడలేదని, సరిగా కనబడలేదని చెప్పి ఇంటికి పోవడం ఎంత సులువై ఉండేదో ఊహించండి. ఒక పూట కుర్చీలో కూర్చుని రాయాల్సిన రెండు పేజీలు దాని పక్కన ఎంత?

ఇక్కడ ఒక మాట అనక తప్పదు, కొందరికి కష్టంగా ఉన్నా సరే. కాగితం మీద ఒకటి, ఇంట్లో ఒకటి అన్న బతుకు మన కుటుంబాలకు కొత్త కాదు. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం క్రైస్తవుడైన దళితుడికి ఎస్సీ హోదా ఉండదు. సిక్కులను 1956లో, బౌద్ధులను 1990లో అందులో చేర్చారు, మనవాళ్లను చేర్చలేదు. మన రాష్ట్రంలో బీసీ-సీ అన్నారు, దాని వాటా నూటికి ఒకటి. దాంతో గుడి రిజిస్టరులో ఒక పేరు, బడి అడ్మిషను రిజిస్టరులో ఇంకో సంగతి రాయించుకున్న తల్లిదండ్రులు ఉన్నారు. వాళ్లను నేను అబద్ధీకులనను. రెండు నిజాల్లో ఒకటి వదులుకుంటేనే అన్నం పెడతామన్న చట్టం ముందు వాళ్లు నిలబడ్డారు. కానీ పెద్దవాళ్ల ఈ ఇరకాటం చూస్తూ పెరిగిన పిల్లలు, కాగితమంటేనే నిజం రాయనక్కర్లేని చోటని నేర్చుకునే ప్రమాదం ఉంది. ట్రెయినింగు రికార్డులో ఆ ఇరకాటం లేదు. అక్కడ నిజం రాస్తే ఎవరూ అన్నం తీసేయరు. అక్కడా ఎత్తి రాస్తే మాత్రం దానికి చట్టం మీద నెపం పెట్టలేం.

వినుకొండలో 1895లో పుట్టిన గుర్రం జాషువాగారు కవిగా మనకు తెలుసు. ఆయన గుంటూరులో లూథరన్ మిషను నడిపిన ఉపాధ్యాయ శిక్షణ పాఠశాలలో పదేళ్లు పనిచేశారు. బడిలో అంటరానితనం చవిచూసిన మనిషి, రేపటి పంతుళ్లకు పాఠం చెప్పారు. తన విద్యార్థులను ఊళ్లోకి పంపేటప్పుడు ఏం చూసి రమ్మని చెప్పేవారోనని నాకెప్పుడూ కుతూహలం.

వెనక బెంచీ నుంచి చూసేది ట్రెయినింగు పిల్లలే కాదు. ఇటలీలో ఫ్లోరెన్సు దగ్గర కొండల్లో బార్బియానా అనే కుగ్రామం ఉంది. 1954లో అక్కడి చిన్న విచారణకు దొన్ లొరెంజో మిలానీ అనే గురువును పంపారు. పెద్దలకు ఆయన అంటే అంతగా గిట్టక పంపారని చెబుతారు. ప్రభుత్వ బడి తప్పించి వెళ్లగొట్టిన రైతుపిల్లలను ఆయన చేరదీసి చదివించారు. 1967లో ఆ పిల్లలు ఎనిమిది మంది కలిసి, తమను ఫెయిలు చేసిన టీచరమ్మకు ఉత్తరం రాసినట్టుగా ఒక పుస్తకం రాశారు. ఏ తరగతిలో ఎవరు ఫెయిలవుతున్నారు, వాళ్ల నాన్నలు ఏం పని చేస్తున్నారు అని అంకెలు పోగుచేసి పట్టికలు వేశారు. తమ టీచరు ఎవరిని చూసింది, ఎవరిని చూడలేదు అన్నది వాళ్లు అన్నేళ్లూ చూస్తూనే ఉన్నారన్నమాట. పుస్తకం వచ్చిన కొద్ది వారాలకే మిలానీ 44 ఏళ్ల వయసులో చనిపోయారు. 2017 జూన్‌లో పోప్ ఫ్రాన్సిస్ ఆ కొండెక్కి ఆయన సమాధి దగ్గర ప్రార్థన చేశారు. యాభై ఏళ్లు పట్టింది.

రికార్డులు దిద్దే లెక్చరర్లు మన పాఠకుల్లో ఉంటారు, వారికొక విన్నపం. ఒకే వాక్యం ముప్ఫై రికార్డుల్లో కనబడితే ముప్ఫైకీ సంతకం పెట్టకండి. ఎవరైనా ఒక పిల్ల తప్పుల తెలుగులోనైనా సరే, నీళ్ల దగ్గర ఏం జరిగింది, ఎవరి పేరు పిలవలేదు అని రాసుకొస్తే, గడిలో పట్టలేదని కొట్టివేయకండి. రికార్డులో ఆ గడి లేకపోతే మార్జినులో రాసుకోమనండి.